ఇంటి కరెంటు స్వయంగా నేర్చుకుందాం – 5వ పాఠం: పెద్ద లోడుకు కాంటాక్టరు

గత పాఠంలో మన ఇంటి డీబీలో (కరెంటును గదులకు పంచే డిస్ట్రిబ్యూషన్ బోర్డులో) ఏ ఎమ్‌సీబీ (కరెంటు హద్దు దాటితే దానంతట అదే తెగే స్విచ్చి) దేనికి వెళ్తుందో కాగితం మీద రాసుకుని, ఒక్కొక్క పరికరం ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో లెక్క కట్టాం. ఆ కాగితాన్ని ఇప్పుడు ముందు పెట్టుకోండి. అందులో 6 ఆంపియర్లు దాటినవి మూడో నాలుగో ఉంటాయి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇళ్ళలో మొదట కనిపించేది బోరు మోటారు. కోరాపుట్, సునాబేడ వంటి కొండమీది ఊళ్ళలోనైతే చలికాలమంతా నడిచే గీజరు. ఇటీవల ఎయిర్ కండిషనర్లు కూడా వీటికి తోడయ్యాయి. ఈ పెద్ద లోడులను టైమరుతోనో, వై-ఫై స్విచ్చితోనో, నీటి మట్టాన్ని బట్టి కలిసి తెగే ట్యాంకులోని ఫ్లోట్ స్విచ్చితోనో నడపాలనుకున్నప్పుడు మధ్యలో కాంటాక్టరు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే, తెంపే స్విచ్చి) ఎందుకు ఉండాలో, దాన్ని ఎలా ఎంచుకోవాలో, వైర్లు ఏ క్రమంలో కలపాలో ఈ పాఠంలో చూద్దాం.

ముందుగా ఒక హెచ్చరిక. 2023 నాటి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాల ప్రకారం ఇంటి వైరింగులో మార్పులు చేర్పులు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేతనే చేయించాలి. బల్బు, ఫ్యాను, స్విచ్చి మార్చడం వంటి చిన్న పనులకే మినహాయింపు ఉంది. అందువల్ల ఈ పాఠం చదివినవారు సర్క్యూటును అర్థం చేసుకుని, సరైన సామాను కొని, పని చేసే మేస్త్రీ ఏం చేస్తున్నాడో గమనించి అడగగలిగితే చాలు. డీబీలో చేయి పెట్టాల్సిన పని లేదు.

కాంటాక్టరు మనకు కొత్త వస్తువు కాదు. పొలంలో ఆకుపచ్చ బటను, ఎర్ర బటను ఉన్న స్టార్టరు డబ్బా మూత తీసి చూసినవారందరూ దాన్ని చూసే ఉంటారు. బటను నొక్కగానే 'టక్' మని లోపలికి పోయే నల్లటి దిమ్మే కాంటాక్టరు. దానిలో ఇనుప రేకులతో పేర్చిన రెండు ముక్కలు ఉంటాయి. ఒకటి కదలదు, దాని చుట్టూ కాయిల్ (తీగ చుట్ట) ఉంటుంది. రెండోది స్ప్రింగు మీద నిలిచి ఉంటుంది. కాయిల్‌కు కరెంటు అందగానే కదలని ముక్క అయస్కాంతమై రెండోదాన్ని లాక్కుంటుంది. కదిలిన ముక్కతోపాటు వెండి మిశ్రమం అతికిన కాంటాక్టులు వచ్చి అవతలి కాంటాక్టులకు ఆనుకుంటాయి, లోడుకు దారి ఏర్పడుతుంది. కరెంటు ఆగగానే స్ప్రింగు వెనక్కి నెడుతుంది. పాత కాంటాక్టరు ఒకటి దొరికితే విప్పి, కదలని ఇనుప ముక్క ముఖాన్ని దగ్గరగా చూడండి. అంచున చిన్న రాగి చుట్టు ఒకటి పొదిగి ఉంటుంది. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి అన్నిసార్లూ అయస్కాంతపు పట్టు సడలాలి. ఆ రాగి చుట్టు తన భాగంలోని అయస్కాంత ప్రవాహాన్ని కొంచెం ఆలస్యం చేసి, పట్టు పూర్తిగా జారకుండా కాపాడుతుంది. అది విరిగినా, ఇనుప ముఖాల మధ్య దుమ్మో తుప్పో చేరినా కాంటాక్టరు గట్టిగా గుర్రుమంటుంది.

ఇక లెక్కలు చూద్దాం. 3 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు తీసుకుంటుంది. అదే గీజరును నడిపే కాంటాక్టరు కాయిల్‌కు లాక్కునే క్షణంలో సుమారు 70 వోల్ట్-ఆంపియర్లు (వోల్టులను ఆంపియర్లతో గుణించిన లెక్క), లాక్కున్న తరువాత పట్టి ఉంచడానికి సుమారు 7 వోల్ట్-ఆంపియర్లు చాలు. మామూలు చిన్న కాంటాక్టర్లన్నిటికీ ఇంచుమించు ఇదే లెక్క. అంటే టైమరు లోపలి చిన్న రిలే (టైమరు ఆజ్ఞతో కలిసి తెగే స్విచ్చి) 13 ఆంపియర్లు మోయవలసిన చోట, కాంటాక్టరు పెట్టాక ఒక ఆంపియరులో మూడో వంతు కూడా మోయదు, అదీ క్షణకాలమే. ఆజ్ఞ ఒక దారిలో, భారం ఇంకో దారిలో నడవాలన్నదే ఈ పాఠానికంతటికీ మూలం. టైమరు మీద '16 ఆంపియర్లు' అని రాసి ఉంది కదా, నేరుగా కలిపితే ఏమి అంటారేమో. ఆ అంకె సాధారణంగా గీజరు వంటి వేడి లోడుకు వేసినది, మోటారుకు కాదు. గీజరుకైనా రోజూ గంటల తరబడి ఆ అంకెకు దగ్గరగా నడిపితే చిన్న రిలే వేడెక్కి, కాంటాక్టులు అతుక్కుపోయే ప్రమాదం ఉంది. అతుక్కున్న రిలే మీ ఫోనులో 'ఆఫ్' అని చూపిస్తున్నా గీజరు మరుగుతూనే ఉంటుంది. అందుకే 2 కిలోవాట్లు దాటిన ఏ లోడునూ, ఎంత చిన్నదైనా సరే ఏ మోటారునూ వై-ఫై స్విచ్చితో నేరుగా నడపవద్దని నా గట్టి సలహా.

కాంటాక్టరు కొనేటప్పుడు ఎక్కువమంది పొరపడేది దాని మీది ఆంపియర్ల అంకె దగ్గరే. ఒకే కాంటాక్టరు మీద రెండు అంకెలు ఉంటాయి: ఏసీ-3 కింద 9 ఆంపియర్లు, ఏసీ-1 కింద 20 లేదా 25 ఆంపియర్లు. ఈ పేర్లు లోడు స్వభావాన్ని చెబుతాయి. ఏసీ-1 అంటే హీటరు వంటి లోడు, మొదలైనప్పుడూ నడుస్తున్నప్పుడూ ఒకే కరెంటు తీసుకునేది. ఏసీ-3 అంటే మోటారు. మోటారు కదిలే క్షణంలో నడిచేటప్పటి కరెంటుకు 6 రెట్ల వరకు లాగుతుంది, కాంటాక్టులు ఆనుకునే క్షణంలోనే ఆ దెబ్బను తట్టుకోవాలి. కాబట్టి 3 కిలోవాట్ల గీజరుకు ఏసీ-1 కింద 20 ఆంపియర్ల కాంటాక్టరు సరిపోతుంది. ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజు మోటారు 6, 7 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి దానికి ఏసీ-3 కింద 9 ఆంపియర్లది కావాలి, 12 అయితే ఇంకా నిశ్చింత. ఎయిర్ కండిషనర్‌లోనూ ఉన్నది మోటారే కనుక దాన్నీ ఇదే లెక్కన చూడండి. డీబీలో ఎమ్‌సీబీల పక్కన పట్టాలపై బిగించే ఇంటి రకం కాంటాక్టర్లపై ఇవే తరగతులు ఏసీ-7ఏ, ఏసీ-7బీ అన్న పేర్లతో ఉంటాయి. మొదటిది హీటరుకు, రెండోది మోటారుకు. దుకాణదారు '25 ఆంపియర్లది' అని చేతిలో పెట్టగానే డబ్బులు ఇవ్వకుండా, ఏ తరగతిలో 25 అని అడగండి. బరంపురంలో కొన్నా శ్రీకాకుళంలో కొన్నా వస్తువు పక్క మీద ఆ వివరం అచ్చై ఉంటుంది.

కొనేటప్పుడు చూడాల్సిన రెండో సంగతి కాయిల్ వోల్టేజి. ఇది ఏ1, ఏ2 అన్న రెండు టెర్మినళ్ళ పక్కన ఉంటుంది. మన ఇంటికి 230 లేదా 240 వోల్టుల కాయిల్ కావాలి. త్రీ ఫేజు స్టార్టరు నుంచి తీసిన పాత కాంటాక్టరుకు 415 వోల్టుల కాయిల్ ఉండవచ్చు. దానికి 230 ఇస్తే లాక్కోదు. 230 కాయిల్‌కు 415 తగిలితే నిలువునా కాలిపోతుంది.

ఇప్పుడు మన ప్రాంతపు అసలు సమస్యకు వద్దాం. ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, లైను చివర ఉన్న ఊళ్ళలో సాయంత్రం అందరి దీపాలూ మోటార్లూ వెలిగే వేళకు వోల్టేజి తగ్గుతుంది. ప్రమాణాల ప్రకారం కాంటాక్టరు తన కాయిల్ వోల్టేజిలో 85 శాతం నుంచి 110 శాతం వరకు ఖచ్చితంగా లాక్కోవాలి. 230 వోల్టుల కాయిల్‌కు 85 శాతం అంటే సుమారు 195 వోల్టులు. లాక్కున్న తరువాత 75 శాతం వరకు, అంటే సుమారు 172 వోల్టుల దాకా, పట్టు నిలవాలి. అంతకంటే తగ్గితే ఎప్పుడైనా వదిలేయవచ్చు. ఒక ఇంట్లో సాయంత్రం 205 వోల్టులు వస్తున్నాయనుకుందాం. టైమరు కాంటాక్టరును కలుపుతుంది, మోటారు మొదలవుతూ 35 ఆంపియర్లు లాగుతుంది. దూరపు లైను, సర్వీసు వైరు కలిసి 1.5 ఓమ్‌ల నిరోధం చూపితే అక్కడే 50 వోల్టులకు పైగా పోతాయి, ఇంట్లో మిగిలేది 155 లోపే. కాయిల్ పట్టు వదులుతుంది, మోటారు ఆగుతుంది. లోడు పోయింది కనుక వోల్టేజి మళ్ళీ 205కు లేస్తుంది, టైమరు ఇంకా కలిపే ఉంది కనుక కాంటాక్టరు మళ్ళీ లాక్కుంటుంది. ఇలా సెకనుకు ఎన్నోసార్లు టకటకా కొట్టుకుంటుంది. ప్రతి దెబ్బకూ 35 ఆంపియర్ల నిప్పు కాంటాక్టుల మధ్య రేగుతుంది, కొద్దిసేపట్లోనే అవి కరిగి అతుక్కుంటాయి. కాయిల్ కూడా వేడెక్కుతుంది, ఎందుకంటే ఇనుప ముక్కలు ఆనుకోని స్థితిలో అది పట్టి ఉంచే కరెంటు కాక లాక్కునే కరెంటే తీసుకుంటూ ఉంటుంది. ఇలా పాడైనప్పుడు 'కంపెనీ మంచిది కాదు' అని వస్తువు మార్చి ప్రయోజనం లేదు. అదే తంతు మళ్ళీ జరుగుతుంది.

దీనికి మందు మూడు చోట్ల వెతకాలి. మొదటిది సర్వీసు వైరు. సన్నని అల్యూమినియం వైరు, వదులైన జాయింట్లు ఉంటే వాటిని బాగుచేయించడం అన్నిటికంటే ముఖ్యం. రెండోది కాయిల్ దారిలో ఒక వోల్టేజి రక్షణ రిలే. వోల్టేజి మనం పెట్టిన హద్దు కంటే తగ్గినా పెరిగినా అది కాయిల్‌ను ఆపి, సరైన వోల్టేజి కొన్ని నిమిషాలు నిలకడగా ఉన్న తరువాతే మళ్ళీ కలుపుతుంది. ఎయిర్ కండిషనర్‌కు కూడా ఈ కొన్ని నిమిషాల విరామం మేలు చేస్తుంది, ఆగిన కంప్రెసర్ లోపలి ఒత్తిడి సమం కావడానికి ఆ సమయం కావాలి. మూడోది, కొంచెం ఖరీదైనా, 100 నుంచి 250 వోల్టుల వరకు పనిచేసే ఎలక్ట్రానిక్ కాయిల్ కాంటాక్టరు. కానీ దీనిలో ఒక చిక్కు ఉంది. కాంటాక్టరు పట్టు వదలదు సరే, 155 వోల్టుల దగ్గర మోటారు కదలలేక మూలుగుతూ ఉండిపోతే కాలేది మోటారే. అందుకే ఇది రెండోదానికి తోడుగా ఉండాలే తప్ప బదులుగా కాదు.

వైర్లు కలిపే క్రమం ఇది. డీబీలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తెంపే పరికరం) తరువాత ఆ లోడుకు సొంత ఎమ్‌సీబీ ఉండాలి. కాంటాక్టరు రక్షణ పరికరం కాదు, షార్టు జరిగితే అది ఆపలేదు. 3 కిలోవాట్ల గీజరుకు 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడండి. ఎమ్‌సీబీ నుంచి వచ్చిన ఫేజు కాంటాక్టరు 1వ టెర్మినల్‌లోకి పోయి 2 నుంచి గీజరుకు వెళ్తుంది. న్యూట్రల్ 3లోకి పోయి 4 నుంచి బయటికి వస్తుంది. గీజరు వంటి నీటి పరికరానికి రెండు వైర్లూ తెగేలా రెండు పోళ్ళు (రెండు జతల కాంటాక్టులు) వాడడమే మేలు. ఎర్తు వైరు మాత్రం ఏ స్విచ్చి గుండానూ, ఏ కాంటాక్టరు గుండానూ పోకూడదు, అది తెగకుండా నేరుగా వెళ్ళాలి. కాయిల్‌కు ఫేజును అదే ఎమ్‌సీబీకి లోడు వైపు నుంచి 2 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా తీసుకోండి. అక్కడి నుంచి టైమరు కాంటాక్టుకు, టైమరు నుంచి ఏ1కు వస్తుంది. ఏ2 న్యూట్రల్‌కు. కాయిల్‌కు వేరే సర్క్యూటు నుంచి ఫేజు తెచ్చుకునేవారు కూడా ఉన్నారు, నేను దాన్ని ఒప్పుకోను. అలా చేస్తే గీజరు ఎమ్‌సీబీ దించినా డబ్బాలో ఒక వైరు ప్రాణంతోనే ఉంటుంది, తరువాత మరమ్మతుకు వచ్చినవాడికి ఆ సంగతి తెలియదు.

మోటారుకు నేను టైమరు కంటే బటన్ల సర్క్యూటునే ఇష్టపడతాను. ఫేజు మొదట ఎర్ర బటను గుండా వస్తుంది, అది మామూలుగా కలిసే ఉంటుంది, నొక్కితే తెగుతుంది. తరువాత ఆకుపచ్చ బటను, అది నొక్కితేనే కలుస్తుంది. దానికి సమాంతరంగా కాంటాక్టరు పక్కనున్న 13, 14 అన్న చిన్న కాంటాక్టును కలపాలి. అక్కడి నుంచి ఏ1కు. ఆకుపచ్చ బటను నొక్కగానే కాంటాక్టరు లాక్కుంటుంది, దానితోపాటు 13-14 కలుస్తుంది, వేలు తీసినా ఆ దారిలో కాయిల్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. కరెంటు పోతే అన్నీ విడిపోతాయి, తిరిగి వచ్చినప్పుడు ఎవరో వచ్చి బటను నొక్కేదాకా మోటారు కదలదు. గాలివాన రాత్రి కరెంటు పదిసార్లు పోయి వచ్చే మన ఊళ్ళలో ఈ ఒక్క గుణమే మోటారును కాపాడుతుంది. పైన చెప్పిన టకటక కొట్టుకోవడం కూడా బటను వదిలేస్తే ఇందులో జరగదు, ఒకసారి విడిపోయి ఊరుకుంటుంది.

ఫ్లోట్ స్విచ్చి విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. 230 వోల్టుల కాయిల్ దారిని నేరుగా ట్యాంకులోకి దింపితే, వైరు తోలు చిట్లిన రోజున ఇంటి నీళ్ళన్నిటికీ కరెంటు పాకుతుంది. ఫ్లోట్ స్విచ్చిని 24 వోల్టుల ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు (ఇంటి లైనుతో నేరుగా కలవకుండా వోల్టేజి తగ్గించి ఇచ్చేది) నుంచి నడపండి. ఆ 24 వోల్టులతో చిన్న రిలే ఒకటి పనిచేస్తే, ఆ రిలే 230 వోల్టుల కాయిల్‌ను కలుపుతుంది.

పని అయ్యాక పరీక్ష ఇలా చేయించండి. లోడు వైర్లు 2, 4 టెర్మినళ్ళకు కలపకుండా ముందు కాయిల్‌కు మాత్రమే కరెంటు ఇవ్వాలి. ఒక్క 'టక్' వినపడి, తరువాత సన్నని మోత మాత్రమే మిగలాలి. తరువాత ఎమ్‌సీబీ దించి, మల్టీమీటరుతో ఎక్కడా వోల్టేజి లేదని చూసుకుని లోడు కలపాలి. కాంటాక్టరు విడిపోయి ఉంది కదా అని ఎమ్‌సీబీ దించకుండా ఎవరూ చేయి పెట్టకూడదు, అతుక్కున్న కాంటాక్టు బయటికి కనిపించదు. నియాన్ టెస్టరు వెలగనంత మాత్రాన వైరు చచ్చిందని నమ్మవద్దు. లోడు నడుస్తుండగా, రాత్రి 7 గంటల ప్రాంతంలో, మేస్త్రీ చేత ఏ1, ఏ2 మధ్య వోల్టేజి చూపించుకుని కాగితం మీద రాసుకోండి. కొన్నేళ్ళ తరువాత కాంటాక్టులు నల్లబడి కనిపిస్తే గరుకు కాగితంతో రుద్దనివ్వవద్దు. వెండి మీది ఆ నలుపు కరెంటును ఆపదు, రుద్దితే పోయేది వెండే. గుంటలు పడి, పొర అరిగిపోతేనే మార్చాలి.

వచ్చే పాఠం ఓవర్‌లోడ్ రిలే గురించి. ఈలోగా ఒక అభ్యాసం: మీ ఇంటి మోటారు పేరు పలక మీది ఆంపియర్లు, మీ స్టార్టరులోని కాంటాక్టరు మీది ఏసీ-3 అంకె, కాయిల్ వోల్టేజి, సాయంత్రం కొలిచిన వోల్టేజి, ఈ నాలుగూ ఒకే వరుసలో రాయండి. నాలుగో అంకె మూడోదానిలో 85 శాతం కంటే తక్కువైతే, ముందు సర్వీసు వైరు జాయింట్లు చూపించుకుని, మళ్ళీ కొలిపించిన తరువాతే తక్కిన సామాను కొనండి.