చిన్న ఊరి కేఫ్‌లో భోజనం: ముందు రాసుకోండి, తర్వాత మాట్లాడుకోండి

నేనూ నా స్నేహితురాలూ ప్రయాణాల్లో చిన్న ఊళ్ల కేఫ్‌లలోనే మధ్యాహ్నం భోంచేస్తాం. మొదట్లో రెండు ముద్దలు తినగానే తను "భలే ఉందే" అనేది, నాకూ అలాగే అనిపించేది. ఇంటికొచ్చాక ఆలోచిస్తే అది నా అభిప్రాయం కాదని తెలిసేది.

అందుకే ఇప్పుడు నాలుగు ముద్దలు అయ్యేదాకా రుచి గురించి ఇద్దరం నోరు విప్పం. ఎవరి ఫోన్‌లో వాళ్లు రెండు మాటలు రాసుకున్నాకే కబుర్లు. మొదట్లోనే రాయాలి, ఎందుకంటే తినేకొద్దీ అదే రుచి మీద ఇష్టం తగ్గిపోతుంది. ఎంత ఆకలి మీద ఉన్నారో కూడా పక్కన రాయండి. కడుపు కాలుతుంటే ఏదైనా అమృతమే కదా! ఇద్దరూ వేర్వేరు వంటకాలు తెప్పించుకుని సగం సగం పంచుకుంటే ఇంకా మంచిది.

ఇంకో మాట, ఇది ఆరోగ్యం సంగతి. వండిన పదార్థాన్ని వడ్డించేదాకా 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన వేడిగా ఉంచాలని, మామూలు గది వేడిలో 2 గంటలకు మించి వదిలేయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కాబట్టి పొగలు కక్కుతూ రావాల్సింది గోరువెచ్చగా వస్తే మొహమాటపడకండి, మర్యాదగా వెనక్కి ఇచ్చేయండి. రద్దీ మొదలయ్యే వేళకే వెళ్తే అప్పుడే వండింది దొరికే అవకాశం ఎక్కువ.

మా ఇద్దరి రాతలు చాలాసార్లు కలవవు. నాకు ఉప్పు ఎక్కువైంది తనకు సరిపోతుంది. ఆ తేడాలు చూసుకునే, మళ్లీ ఎక్కడికి వెళ్లాలో తేల్చుకుంటాం.