ముందు మద్దెల ఓడేమో చూడండి: నడివయసులో గిటార్ కష్టాలు, కారణాలు, మరమ్మతులు

నేను 51వ ఏట గిటార్ పట్టుకున్నాను. మొదటి మూడు నెలలు ప్రతి ఇబ్బందికీ ఒకటే కారణం చెప్పుకున్నాను, వయసు. వేళ్లు నొప్పెడితే వయసు, కార్డ్ (కలిపి పలికించే స్వరాల జట్టు) మారడం ఆలస్యమైతే వయసు, నిన్న వచ్చింది ఇవాళ రాకపోతే ఇక చెప్పేదేముంది. చివరికి తీగలు మార్పిద్దామని గిటార్‌ని రిపేరు చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన తీగల జోలికి పోకుండా ముందు 12వ ఫ్రెట్ మీద చిన్న స్టీలు స్కేలు నిలబెట్టి నన్ను వంగి చూడమన్నాడు. ఫ్రెట్‌కీ ఆరో తీగకీ మధ్య నాలుగు మిల్లీమీటర్ల పైనే ఖాళీ ఉంది. "దీని మీద ఇరవై ఏళ్ల కుర్రాడైనా ఏడుస్తాడండీ" అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నా విషయంలో మద్దెల నిజంగానే ఓడు. అందుకే ఇప్పుడు ఏ ఇబ్బంది వచ్చినా ముందు గిటార్‌ని అనుమానిస్తాను, తర్వాత కూర్చున్న తీరుని, ఆ తర్వాత సాధన చేసే పద్ధతిని. వయసు వంతు ఆఖర్న. కింద రాసినవి దాదాపు ఆ వరసలోనే ఉంటాయి. నిజంగా వయసే కారణమైన చోట ఆ మాట దాచలేదు.

లెక్క కోసం: అన్నిటికన్నా సన్నని తీగ ఒకటోది, లావుది ఆరోది. ఫ్రెట్లంటే వీణకు మెట్లలాంటివే, అవి ఉండే పొడవాటి కర్ర నెక్. కుడిచేత్తో మీటేవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాశాను.

ఎంత నొక్కినా తీగ సరిగా పలకదు, వేళ్లు మండుతాయి

ఇందులో రెండు సమస్యలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి చర్మం. స్టీలు తీగల మీద రోజూ కాసేపు వాయిస్తే రెండు నుంచి నాలుగు వారాల్లో వేలి కొసలు కాయలు కాస్తాయి, మంట తగ్గుతుంది. దీనికి మందు లేదు. స్నానం చేసిన వెంటనే, గిన్నెలు కడిగిన వెంటనే మాత్రం వాయించకండి. నానిన చర్మం తొందరగా చీరుకుపోతుంది. ఎడమచేతి గోళ్లు పూర్తిగా కత్తిరించుకోండి, గోరు ముందు తగిలితే వేలు నిటారుగా దిగదు.

నెల దాటినా అలాగే ఉంటే చర్మాన్ని వదిలేసి గిటార్‌ని కొలవండి. మామూలు స్టీలు తీగల అకూస్టిక్ గిటార్‌లో 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఎత్తు 2.5 మిల్లీమీటర్ల లోపు, ఒకటో తీగ ఎత్తు 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే చేతికి హాయి. మూడున్నర, నాలుగు అంటే మీ వేళ్ల తప్పేం లేదు. గిటార్ పొట్ట మీద తీగల చివర్లు బిగించే చెక్క ముక్క బ్రిడ్జ్. దాని మీద తీగలు ఆనుకునే తెల్లని పట్టీ ఉంటుంది, సాడిల్ అంటారు. ఆ సాడిల్‌ని అడుగువైపు ఒక మిల్లీమీటరు అరగదీస్తే 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దిగుతుంది. అరగదీశాక మళ్లీ పెంచలేం కాబట్టి ఇది తెలిసినవాళ్ల చేత చేయించుకోవడమే మంచిది. నెక్ లోపలుండే కడ్డీని తిప్పడం కూడా అంతే, వీడియో చూసి మొదలుపెట్టే పని కాదు.

గిటార్‌లో చూడాల్సిన రెండోది తీగల మందం. కొత్త అకూస్టిక్ గిటార్లకి తరచుగా 12 నంబరు సెట్ వేసి ఉంటుంది, అంటే ఒకటో తీగ మందం అంగుళంలో వెయ్యింట 12 వంతులు. దాన్ని తీసి 10 నంబరు సెట్ వేయించండి. శబ్దం కాస్త పలచబడుతుంది, వేళ్లకు మాత్రం ప్రాణం లేచివస్తుంది. సన్న తీగలు వేసుకోవడం చిన్నతనం అనుకునేవాళ్లకి ఒక సంగతి చెప్తాను. బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ 17వ ఏట ఫ్యాక్టరీ ప్రమాదంలో, తీగలు నొక్కే చేతి మధ్యవేలి కొస, ఉంగరపువేలి కొస పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు వేసుకున్నాడు, తర్వాత శ్రుతి కూడా దించుకున్నాడు. ఆయన సంగీతాన్ని పలచనిదని ఎవరూ అనలేదు.

శ్రుతి దించే ఉపాయం మనకీ పనికొస్తుంది. ఆరు తీగల్నీ రెండు ఫ్రెట్లంత కిందికి దించితే బిగుతు ఇంచుమించు 20 శాతం తగ్గుతుంది. పాటకి అసలు శ్రుతే కావాలంటే రెండో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టుకుంటే సరి.

నైలాన్ తీగల గిటార్‌కి మారితే? వేళ్లకు మెత్తగానే ఉంటుంది. కానీ దాని నెక్ వెడల్పు సుమారు 52 మిల్లీమీటర్లు, స్టీలు గిటార్‌ది 43 దగ్గర. చిన్న చేతులకి ఒక కష్టం పోయి ఇంకోటి వస్తుంది. ఒక్క హెచ్చరిక: నైలాన్ గిటార్‌కి స్టీలు తీగలు ఎప్పుడూ వేయకండి. ఆ లాగుడుకి బ్రిడ్జ్ ఊడొస్తుంది.

ఎఫ్ కార్డ్ రానే రాదు

దీనికి సగం వైద్యం ఒక చిన్న పరీక్షలో ఉంది. ఎఫ్ ఆకారాన్నే ఐదో ఫ్రెట్ దగ్గర పట్టి చూడండి. అక్కడ బాగా పలికి ఒకటో ఫ్రెట్ దగ్గర పలకకపోతే అనుమానం నట్ మీదికి పోతుంది. నెక్ చివర తీగలు కూర్చునే గాడుల ముక్క అది. గాడులు లోతుగా లేకపోతే మొదటి ఫ్రెట్ల దగ్గర తీగ ఎత్తుగా ఉండిపోతుంది. ఇంకా నమ్మకం కుదరకపోతే తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని ఒకటో ఫ్రెట్ మీద ఎంత ఖాళీ ఉందో చూడండి. కాగితం మందంలో ఉండాలి. పోస్ట్‌కార్డ్ పట్టేంత ఉంటే నట్ గాడులు లోతు చేయించాలి.

గిటార్ బాగానే ఉంటే ఇక చేతి సంగతి. చూపుడువేలు ఆరు తీగల్నీ సమానంగా అదిమిపట్టాలని మనం అనుకుంటాం. అక్కర్లేదు. ఎఫ్‌లో 3, 4, 5 తీగల్ని మిగతా వేళ్లు పట్టుకునే ఉంటాయి. చూపుడువేలు పలికించాల్సినవి 1, 2, 6 మాత్రమే. ఇది తెలిసిన రోజు నా పట్టు సగానికి సగం సడలింది, అయినా కార్డ్ పలికింది. వేలిని మెత్తగా ఉండే కడుపు వైపు నుంచి కొద్దిగా పక్కకి, ఎముక తగిలే అంచు వైపు దొర్లించండి. ఫ్రెట్‌కి దాదాపు ఆనేలా పెట్టండి.

బొటనవేలితో వెనకనుంచి పట్టకారులా నొక్కడం అసలు తప్పు. బొటనవేలు పూర్తిగా తీసేసి కార్డ్ పట్టి చూడండి. గిటార్‌ని కుడి ముంజేయి పొట్టకేసి కాస్త అదిమితే, ఎడమచెయ్యి తన బరువుతోనే తీగల్ని వెనక్కి లాగుతుంది. కొంచెం పలికినా చాలు, ఎంత బలం దండగ చేస్తున్నారో అర్థమవుతుంది.

ఈలోగా పాటలు ఆపుకోకండి. 4, 3, 2 తీగల మీద మూడు వేళ్లు పెట్టి, ఒకటో తీగని నొక్కకుండా మీటే ఎఫ్ మేజర్ సెవెన్ కార్డ్ చాలా పాటల్లో ఒదిగిపోతుంది. ఐదు, ఆరు తీగలు మీటకూడదు, అంతే.

ఎడమ మణికట్టు, భుజం, మెడ నొప్పి

దీనికి కారణం చాలా రోజులు నాకు తట్టలేదు. కళ్లద్దాలు!

నలభై దాటాక దగ్గరి చూపు మందగిస్తుంది. ఫ్రెట్ కనబడక గిటార్ ముఖాన్ని మనవైపు పైకి వాలుస్తాం. అలా వాల్చగానే నెక్ మనకి దూరమై, ఎడమ మణికట్టు మరింత మెలిక తిరగక తప్పదు. ప్రోగ్రెసివ్ అద్దాలైతే ఇంకో తంటా. దగ్గరిది చూసే భాగం అద్దం అడుగున ఉంటుంది. స్టాండ్ మీది కార్డ్ చార్ట్ చదవాలంటే గడ్డం పైకెత్తాలి, ఫ్రెట్ చూడాలంటే తల పక్కకి వంచాలి. అరగంట అలా ఊగితే మెడ పట్టక ఏమవుతుంది?

గిటార్ మీ వైపు చూడకూడదు, ఎదుటి గోడని చూడాలి. నెక్ పై అంచున, 3, 5, 7, 9, 12 ఫ్రెట్ల దగ్గర, వాయించేవాళ్ల కోసమే చిన్న చుక్కలు ఉంటాయి. చాలా గిటార్లలో అవి తెల్లగా ఉంటాయి. మీ గిటార్‌లో మసకగా ఉంటే తెల్ల పెయింటు బొట్టు పెట్టుకోండి. చార్ట్‌ని పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి కంటి ఎత్తులో పెట్టండి. కళ్ల డాక్టరుకి గిటార్ దూరం కొలిచి చెబితే ఆ దూరానికే ఒక జత అద్దాలు రాసిస్తారు. కూర్చుని వాయించినా పట్టీ తగిలించుకోండి. అప్పుడు నెక్‌ని మోసే పని ఎడమచేతికి ఉండదు. చేతులున్న కుర్చీ వద్దు.

వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, లేదా వేలు వంగి అలాగే బిగుసుకుంటుంది

ఇక్కడ మాత్రం సాధన ఆపండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, రాత్రిళ్లు ఎక్కువైతే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందేమో చూపించుకోవాలి. ఉంగరపువేలు, చిటికెనవేలు అయితే అనుమానం ఎక్కువగా మోచేతి మీదికి పోతుంది. పొద్దున్నే వేలు వంగి, టక్కుమని తెరుచుకుంటే దాన్ని ట్రిగర్ ఫింగర్ అంటారు. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. షుగర్ వల్ల వేలి కొసల్లో స్పర్శ తగ్గినవాళ్లు వాయించాక వేళ్లను కంటితో చూసుకోవాలి, చీరుకున్నా తెలియకపోవచ్చు.

కండరం అలసట ఒక రాత్రి నిద్రతో పోతుంది. కీలు నొప్పి, తిమ్మిరి మర్నాటికీ ఉంటే డాక్టరు దగ్గరికే. "ఓర్చుకుంటే అలవాటవుతుంది" అన్న మాట చర్మం వరకే నిజం.

బర్రుమంటోంది

ఎక్కడ బర్రుమంటుందో చూస్తే కారణం దొరుకుతుంది. నొక్కిన చోటే అయితే వేలు ఫ్రెట్‌కి దూరంగా ఉంది, ముందుకి జరపండి. నొక్కకుండా వదిలేసిన తీగకే అయితే నట్ గాడి లోతెక్కువై ఉండొచ్చు. నిన్నటిదాకా బాగుండి ఇవాళ అన్ని చోట్లా మొదలైతే అది వాతావరణం పని. గాలి పొడిబారితే చెక్క కుంచించుకుపోయి తీగలు దిగుతాయి, తేమ పెరిగితే ఉబ్బి పైకి లేస్తాయి. చెక్క గిటార్‌కి 45 నుంచి 55 శాతం తేమ ఇష్టం.

శ్రుతి నిలవదు, లేదా ట్యూనర్ ఒకటి చెబితే చెవి ఒకటి చెబుతుంది

కొత్త తీగలు కొన్నాళ్లు సాగుతూనే ఉంటాయి, కంగారు పడకండి. శ్రుతి చేసేటప్పుడు ఎప్పుడూ కిందినుంచి పైకి రండి. దాటిపోతే మళ్లీ బాగా వదులు చేసి ఎక్కించండి. తిప్పుతుంటే టిక్కుమని శబ్దం వస్తే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోంది, గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దితే జారుతుంది. ఒకటో తీగా ఆరో తీగా రెండూ "ఈ" స్వరమే, రెండు స్థాయిల తేడాతో. ట్యూనర్ ఆ అక్షరం ఒక్కటే చూపిస్తే, స్థాయి చూసుకోకుండా బిగించుకుంటూ పోయి తీగ తెంపుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

వినికిడి యంత్రం వాడేవాళ్లకి సాగే స్వరం వణికినట్టు వినిపించవచ్చు. ఈల శబ్దాన్ని అణిచే ఏర్పాటు గిటార్ స్వరాన్ని కూడా ఈలే అనుకుంటుంది. యంత్రంలో సంగీతం కోసం వేరే సెట్టింగ్ పెట్టమని అడగండి. నెక్‌కి తగిలించే క్లిప్ ట్యూనర్ చెక్క కంపనాన్ని చదువుతుంది కాబట్టి చెవి మీద ఆధారపడక్కర్లేదు.

కార్డ్ మారేలోపు పాట వెళ్లిపోతోంది

మనం వేళ్లన్నీ ఎత్తేసి మళ్లీ మొదటినుంచి పేరుస్తాం. సి నుంచి ఏ మైనర్‌కి వెళ్లేటప్పుడు కదలాల్సింది ఉంగరపువేలు ఒక్కటే, ఐదో తీగ మూడో ఫ్రెట్ నుంచి మూడో తీగ రెండో ఫ్రెట్‌కి. మిగతా రెండు వేళ్లు ఉన్నచోటే ఉంటాయి. ఏ రెండు కార్డ్‌ల మధ్యైనా కదలని వేలు ఉందేమో ముందు వెతకండి.

తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి కార్డ్‌కి నాలుగు దెబ్బలు వేయండి. ఎడమచెయ్యి ఆలస్యమైనా కుడిచెయ్యి ఆగకూడదు. నాలుగో దెబ్బ చివర్లో వేళ్లు గాల్లో ఉండి ఉత్త తీగలు మోగినా ఫర్వాలేదు. తప్పు కార్డ్‌ని వినేవాళ్లు క్షమిస్తారు, ఆగిన తాళాన్ని క్షమించరు.

నిన్న వచ్చింది ఇవాళ లేదు

ఇందులో వయసుకి కొంత వాటా ఉంది, ఒప్పుకుంటాను. అంతకన్నా పెద్ద వాటా ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోవడానిది. దాని బదులు రోజూ పొద్దున పావుగంట, రాత్రి పావుగంట. మధ్యలో నిద్ర పడితే వేళ్లు నేర్చుకున్నది స్థిరపడుతుంది. కొత్త పాఠంతో మొదలుపెట్టకుండా నిన్నటి దాన్ని పుస్తకం చూడకుండా ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గిటార్‌ని పెట్టెలోంచి తీసి స్టాండ్ మీద, దారికి అడ్డం పెట్టండి. జిప్పు తీయడానికి బద్ధకించి నేను పోగొట్టుకున్న రోజులు లెక్కలేనన్ని.

చిటికెనవేలు అందదు, కీళ్లు సాగవు

ఇది వయసే. కీళ్లు ఇరవై ఏళ్లప్పటిలా సాగవు, బలవంతంగా సాగదీయకూడదు. అయితే ఫ్రెట్లు అన్నిచోట్లా ఒకే దూరంలో ఉండవు. నట్ నుంచి బ్రిడ్జ్ దాకా 648 మిల్లీమీటర్ల తీగ పొడవున్న గిటార్‌లో మొదటి ఫ్రెట్ గది వెడల్పు 36 మిల్లీమీటర్ల పైచిలుకు. ఐదో ఫ్రెట్ మీద కేపో పెడితే మీ కొత్త మొదటి గది 27 మిల్లీమీటర్లే. కొత్త ఆకారాలన్నీ నేను ముందు అక్కడే పట్టి, వారానికో ఫ్రెట్ చొప్పున కేపోని వెనక్కి జరుపుకుంటూ వస్తాను. జి కార్డ్ ఒకటో ఫ్రెట్ కేపో దాకా వచ్చింది. ఆ చివరి ఫ్రెట్ దగ్గర రెండు నెలలుగా ఆగి ఉంది. ఆ కేపో మీదే పాటలు వాయించుకుంటున్నాను, ఎవరూ తేడా కనిపెట్టలేదు.