ట్యాంకు నీటిమట్టాన్ని తెలిపే చిన్న సర్వర్

బెంగళూరులో తెలుగువారు ఎక్కువగా నివసించే మారతహళ్ళి వంటి ప్రాంతాల అపార్ట్‌మెంట్లలో, ముఖ్యంగా 2024 వేసవిలో నగరంలో బోర్లు ఎండిపోయిన తరువాత, మేడమీది ట్యాంకులో నీరు ఎంత ఉందో తెలుసుకోవడం ప్రతి ఇంటికీ అవసరమైంది. సెన్సర్ కొలతను అడిగినవారందరికీ అందించే చిన్న సర్వర్‌ను రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద పైథాన్ భాషలో రాయవచ్చు.

మొదట పనిని రెండుగా విడదీయాలి. ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో మిగతా పనితో పాటు సమాంతరంగా నడిచే భాగం) 30 సెకన్లకు ఒకసారి సెన్సర్‌ను చదివి, నీటిమట్టాన్నీ కొలిచిన సమయాన్నీ కలిపి మెమరీలో ఉంచాలి. సర్వర్ సెన్సర్ జోలికి పోకుండా, మెమరీలో ఉన్నదాన్నే జవాబుగా ఇవ్వాలి. రిక్వెస్ట్ వచ్చినప్పుడల్లా కొలిచే పద్ధతి మంచిది కాదు. పలువురు ఒకేసారి అడిగితే శబ్ద తరంగాల ప్రతిధ్వనితో దూరాన్ని కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్‌లో ప్రతిధ్వనులు కలగలిసి కొలతలు తప్పుతాయి.

పైథాన్‌తో పాటే వచ్చే హెచ్‌టీటీపీ సర్వర్ మాడ్యూల్ ఇందుకు సరిపోతుంది, 3.7 వెర్షన్ నుంచి అందులో థ్రెడ్లతో నడిచే సర్వర్ కూడా ఉంది. సమాచారం అడిగే గెట్ రిక్వెస్టుకు, ఫలితాన్ని తెలిపే స్టేటస్ కోడ్‌నూ, హెడర్లనూ, ఆ తరువాతే జేసన్ అనే టెక్స్ట్ రూపంలోని సమాచారాన్నీ పంపాలి. సర్వర్‌ను ఆ కంప్యూటర్‌కే పరిమితమైన 127.0.0.1 అడ్రస్‌కు బైండ్ చేస్తే (జోడిస్తే) బయటి ఫోన్లేవీ దానిని చేరలేవు కనుక దాని అన్ని నెట్‌వర్క్ అడ్రస్‌లనూ సూచించే 0.0.0.0 వాడాలి. పోర్టు 8080 చాలు. 1024 కన్నా తక్కువైతే లినక్స్ మామూలుగా రూట్ (అడ్మినిస్ట్రేటర్) అనుమతి కోరుతుంది.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసినది పాత కొలత విషయంలోనే. సెన్సర్ తీగ ఊడిపోయినా సర్వర్ నడుస్తూనే ఉంటుంది, రాత్రి కొలిచిన 80 శాతాన్నే తెల్లవారాక కూడా చెబుతుంది. అది నమ్మి ట్యాంకర్‌ను పిలిపించని కుటుంబాలు నీళ్ళకు కటకటలాడతాయి. అందువల్ల కొలిచి రెండు నిమిషాలు దాటితే అంతా సరే అని చెప్పే 200కు బదులు, సేవ అందుబాటులో లేదని చెప్పే 503 కోడ్ పంపి, నీటిమట్టం స్థానంలో విలువ లేదని తెలిపే నల్ ఉంచాలి. అక్కడ సున్నా పెడితే ట్యాంకు ఖాళీ అయిందని అందరూ భావిస్తారు. ఈ రెండు నిమిషాలను లెక్కించడానికి తేదీ, సమయం మార్చినా వెనక్కి వెళ్ళని మోనోటోనిక్ గడియారాన్నే వాడాలి, ఎందుకంటే రాస్ప్‌బెర్రీ పై 4 వరకు వచ్చిన బోర్డుల్లో కరెంటు పోయినా నడిచే గడియారం లేదు, కరెంటు వచ్చాక నెట్‌వర్క్ సరిచేసేదాకా వాటి సమయం తప్పుగా ఉండవచ్చు.

కరెంటు తిరిగి రాగానే తనంతట తానే మొదలయ్యేలా దీనిని, లినక్స్‌లో ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీలో సర్వీసుగా నమోదు చేయాలి. ఈ మాడ్యూల్‌లో భద్రతా తనిఖీలు ప్రాథమికమైనవేనని పైథాన్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తున్నది కాబట్టి, రౌటర్‌లో పోర్టు తెరిచి ఇంటర్నెట్‌కు అందించకూడదు. చివరగా సెన్సర్ తీగను చేత్తో ఊడదీసి, రెండు నిమిషాలు దాటాక వెబ్ రిక్వెస్టులు పంపే కర్ల్ అనే కమాండ్‌తో అడిగి చూడాలి. 503 వచ్చిన తరువాతే ఆ అడ్రస్‌ను ఇరుగుపొరుగువారికి ఇవ్వాలి.