కీళ్లవాతానికి కొత్త మందు అడగబోయే ముందు చేసుకోవాల్సిన పనులు

"ఇప్పుడేవో కొత్త ఇంజెక్షన్లు వచ్చాయంట కదా, ఒకటి వేయించుకుంటే పోదా?" అని రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. మా ఇంట్లో ఆ మాట మొదట అన్నది మా మేనమామ. అప్పటికి అమ్మకి ఈ జబ్బు మొదలై మూడేళ్లు. పొద్దున లేచాక పాల ప్యాకెట్ మూల కత్తిరించడానికి కత్తెర పట్టుకోలేకపోయేది, స్టీలు గిన్నెలో వేణ్నీళ్లు పోసుకుని పది నిమిషాలు వేళ్లు ముంచి కూర్చుంటే గానీ కుళాయి తిప్పలేకపోయేది. వేళ్ల కణుపులు వాచి గాజులు బిగుసుకుపోతే, సబ్బు నురగ రాసి తీయబోయి, అవి రాక, బావి గట్టు మీద ఏడుస్తూ కూర్చున్న రోజు నాకింకా గుర్తుంది.

ఆ తర్వాత తొమ్మిదేళ్లలో సూదులు, మాత్రలు, రెండుసార్లు మందు మార్పు, అన్నీ చూశాం. కొత్త మందు పేరు కనుక్కుని వెళ్లినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. పాత మందు ఎంత డోసులో, ఎన్నాళ్లు వాడితే ఏం జరిగిందో రాసుకుని, టీబీ సంగతి తేల్చుకుని వెళ్తే మీకు సరిపోయే మందు త్వరగా దొరుకుతుంది. నేను డాక్టర్ని కాను. మందు మార్చాలా వద్దా అన్నది మీ రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం డాక్టరు, చెప్పాల్సిందే, నేను చెప్పేది ఆ గదిలోకి ఎలా తయారై వెళ్లాలో.

ముందు పాత మందు లెక్క తేల్చండి

చాలామందికి మొదట ఇచ్చేది మెథోట్రెక్సేట్. ఇది వారానికి ఒక్కసారే వేసుకునే మందు. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, అందుకే ఈ వాక్యం రెండోసారి చదవండి, ఇంట్లో మందులిచ్చేవాళ్లకి కూడా చదివి వినిపించండి. అమ్మది ఆదివారం. వంటింటి తలుపు వెనక క్యాలెండర్‌లో ఆదివారం గడిలో టిక్కు పెడతాం, దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్రకి డాక్టర్ గారు చెప్పిన వేరే రోజు ఇంకో రంగు టిక్కు. ఈ మందు పూర్తిగా పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది, మూడు వారాలకే "పని చేయట్లేదు" అని మానేస్తే అది మందు ఓడిపోయినట్టు కాదు. మాత్ర వేసుకున్న రోజు వికారంగా ఉంటే ఆ మాట దాచిపెట్టి మానేయకండి, అదే మందు చర్మం కింద వేసే ఇంజెక్షన్‌గా కూడా ఉంది, మాత్ర పడనివాళ్లకి చాలాసార్లు అది పడుతుంది. మెథోట్రెక్సేట్ ఒక్కటే చాలకపోతే హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ లాంటివి కలిపి ఇస్తారు. ఇవేవీ సరైన డోసులో వాడకుండానే ఖరీదైన ఇంజెక్షన్‌కి పోవడం నా దృష్టిలో డబ్బు దండగ.

స్టెరాయిడ్ల గురించి కూడా నిజం చెప్పాలి. మొదట్లో మా ఊళ్లో ఒకాయన ఇచ్చిన తెల్ల బిళ్లలతో అమ్మ నొప్పి రెండు రోజుల్లో మాయమైంది, ఏడాదిన్నర అవే వాడింది, ముఖం గుండ్రంగా ఉబ్బింది, షుగర్ వచ్చింది, కీళ్లు మాత్రం లోపల అరుగుతూనే పోయాయి. పేరు లేని పొడులు, బిళ్లలు ఏవైనా వాడుతుంటే డాక్టర్‌కి చూపించండి. స్టెరాయిడ్‌ని సొంతంగా ఒక్కసారిగా ఆపకండి, అది ఇంకో ప్రమాదం.

ఇక జబ్బు ఎంత ఉందో కొలవడం. డాక్టర్లు డీఏఎస్-28 అనే స్కోరు వేస్తారు. 28 కీళ్లలో ఎన్ని నొప్పి, ఎన్ని వాపు అని నొక్కి చూసి, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ రక్తపరీక్ష కలిపి, మీకెలా ఉందో మీ నోటి మాట కూడా కలిపి లెక్క కడతారు. 2.6 కంటే తక్కువైతే జబ్బు అణిగినట్టు, 3.2 లోపు ఉంటే కాస్త అదుపులో ఉన్నట్టు. పాదాల కీళ్లు ఈ 28లో లేవు, కాబట్టి చెప్పులేసుకుంటే వేళ్ల మొదళ్లు నొప్పెడుతుంటే మీరే నోరు తెరిచి చెప్పాలి. మూడు నెలల్లో తేడా కనపడకపోయినా, ఆరు నెలల్లో అనుకున్న చోటికి రాకపోయినా చికిత్స మార్చాలన్నది ప్రపంచమంతా రుమటాలజిస్టులు ఒప్పుకున్న పద్ధతి. "నా స్కోరు ఎంత, ఎంతకి రావాలి?" అని అడగడానికి మొహమాటం వద్దు.

అపాయింట్‌మెంట్‌కి రెండు వారాల ముందు నుంచి ఒక నోట్‌బుక్ పెట్టండి. పొద్దున ఎన్ని నిమిషాలు బిగుసుకుపోయి ఉన్నారు, ఏ కీళ్లు వాచాయి, ఏ పని చేయలేకపోయారు. "జడ వేసుకోలేదు", "చపాతీ పిండి కలపలేదు", "బస్సు ఎక్కలేదు" అని రాస్తే డాక్టర్‌కి ఇట్టే అర్థమవుతుంది. ప్రతిసారీ ఆర్ఏ ఫ్యాక్టర్ పరీక్ష చేయించుకునేవాళ్లు ఉంటారు, ఆ నంబర్ పెరిగిందనీ తగ్గిందనీ టెన్షన్ పడతారు. జబ్బు తేల్చడానికి అది పనికొస్తుంది, మందు పని చేస్తోందా లేదా అన్నది చెప్పదు.

టీబీ సంగతి

దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన దేశంలో ఇదే అసలు సమస్య. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దగ్గరే. చాలామంది ఊపిరితిత్తుల్లో ఆ క్రిమి ఏ ఇబ్బందీ పెట్టకుండా నిద్రపోతూ ఉంటుంది, దాన్ని అలా కట్టడి చేసి ఉంచేవాటిలో టీఎన్ఎఫ్ అనే పదార్థం ముఖ్యమైనది. కీళ్లని వాచేలా చేసేది కూడా అదే టీఎన్ఎఫ్. కొత్త ఇంజెక్షన్లలో ఎక్కువ వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్, ఎటనర్‌సెప్ట్ దాన్నే అడ్డుకుంటాయి. కీళ్లకి సుఖం, కానీ నిద్రపోతున్న టీబీ లేచి కూర్చోవచ్చు.

అందుకే మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్-రే, చేతి చర్మంలో వేసి చూసే మాంటూ సూది లేదా ఐజీఆర్ఏ అనే రక్తపరీక్ష చేయిస్తారు. చిన్నప్పుడు తాతగారికి టీబీ ఉండేది, పక్క పోర్షన్‌లో ఎవరో ఆరు నెలలు మందులు వాడారు, ఇలాంటివి సిగ్గుపడి దాచకండి. పరీక్ష పాజిటివ్ వచ్చినా దారి మూసుకుపోదు. అమ్మకి పాజిటివే వచ్చింది. ఐసోనియాజిడ్ మాత్రలు, వాటితోపాటు బీ-6 విటమిన్ మొదలుపెట్టి, నెల రోజులు ఆగి అప్పుడు ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ నెల మాకు చాలా పొడుగ్గా అనిపించింది, కానీ ఆగింది మంచికే.

దీంతోపాటు హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా అయిపోవాలి, ముఖ్యంగా రిటుక్సిమాబ్ అనే ఇంకో మందు ఇచ్చే ముందు. టీకాలు ముందే వేయించుకుంటే మేలు: ఫ్లూ, న్యుమోనియా, వయసును బట్టి సర్పి టీకా. సర్పిని కొన్ని చోట్ల అక్కి అంటారు.

ఏ మందు ఎవరికి

టీఎన్ఎఫ్ ఇంజెక్షన్లు 1990ల చివర్లో వచ్చాయి కాబట్టి వాటి మీద పాతికేళ్ల అనుభవం ఉంది. రిటుక్సిమాబ్ సెలైన్‌లో రెండు వారాల తేడాతో రెండుసార్లు ఎక్కిస్తారు, మళ్లీ అవసరం పడితే ఆరు నెలల తర్వాత. టీబీ భయం ఉన్నవాళ్లకి డాక్టర్లు దీని వైపు మొగ్గడం చూశాను. టోసిలిజుమాబ్ మెథోట్రెక్సేట్ పడనివాళ్లకి ఒంటరిగా కూడా బాగా పని చేస్తుంది, కాకపోతే అది సీఆర్‌పీని అణిచేస్తుంది, ఇన్ఫెక్షన్ వచ్చినా రిపోర్టులో కనపడకపోవచ్చు, జ్వరం కూడా పెద్దగా రాకపోవచ్చు.

ఖర్చు దగ్గర బయోసిమిలర్ అన్న మాట తెలిసి ఉండాలి. అసలు కంపెనీ మందుకి దగ్గరగా, వేరే కంపెనీ తయారుచేసినది. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రిటుక్సిమాబ్‌కి రెడిటక్స్ తెచ్చింది, 2014లో జైడస్ అడాలిముమాబ్‌కి మొదటి బయోసిమిలర్ని మన దేశంలోనే విడుదల చేసింది. ఒక్క సూది రేటు అడిగి ఊరుకోకండి. ఏడాదికి ఎన్ని, అన్నిటికీ కలిపి ఎంత, బాగుపడితే సూదుల మధ్య ఎడం పెంచుతారా, ఈఎస్ఐ గానీ ఇన్సూరెన్స్ గానీ ఇస్తుందా, అన్నీ అడగండి. మూడు నెలలు వేయించుకుని డబ్బుల్లేక ఆపేసే బదులు, మోయగలిగిన మందు ఎంచుకోవడం నయం.

మాత్రల్లో కొత్తవి జాక్ ఇన్హిబిటర్లు, అంటే వాపు సంకేతాల్ని కణం లోపలే అడ్డుకునే మందులు: టోఫాసిటినిబ్, బారిసిటినిబ్, ఉపాడాసిటినిబ్. టోఫాసిటినిబ్‌కి 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఇప్పుడు మన దగ్గర జెనరిక్ దొరుకుతుంది కాబట్టి సూదుల ఖర్చు భరించలేనివాళ్లకి ఇది పెద్ద ఊరట. బారిసిటినిబ్ పేరు కోవిడ్ సెకండ్ వేవ్‌లో విన్నవాళ్లు ఉంటారు, అది ఇదే. మాత్రే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. యాభై దాటి, గుండెజబ్బు ముప్పు ఒక్కటైనా ఉన్నవాళ్ల మీద టోఫాసిటినిబ్‌తో చేసిన పెద్ద అధ్యయనంలో టీఎన్ఎఫ్ సూదుల కంటే గుండెపోటు, క్యాన్సర్ లాంటివి ఎక్కువ కనిపించడంతో 2021లో అమెరికా ఔషధ సంస్థ ఈ మందులన్నిటికీ గట్టి హెచ్చరిక పెట్టింది. కాబట్టి 65 దాటినవాళ్లు, సిగరెట్ గానీ చుట్ట గానీ తాగేవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు ఆ విషయం ముందే చెప్పాలి. సర్పి కూడా వీటితో ఎక్కువగా వస్తుంది. టీబీ పరీక్ష వీటికీ కావాలి. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి నెలల తరబడి కొనుక్కుని వేసుకోవడం మాత్రం చేయకండి, రక్తపరీక్షలు మధ్యమధ్య తప్పనిసరి.

పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్లు ఆ మాట మొదటి వాక్యంలోనే చెప్పండి. మెథోట్రెక్సేట్, లెఫ్లూనోమైడ్, జాక్ మాత్రలు అప్పుడు పనికిరావు, నెలల ముందే మార్చుకోవాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ వాడొచ్చు. సెర్టోలిజుమాబ్ అనే ఇంజెక్షన్ మాయ దాటి బిడ్డకి దాదాపుగా చేరదు.

ఇంకా రాబోయేవి

2025 జులైలో అమెరికాలో ఒక పరికరానికి అనుమతి ఇచ్చారు. మెడలో వేగస్ నరం దగ్గర చిన్న ఆపరేషన్‌తో అమరుస్తారు, అది రోజుకి ఒక నిమిషం ఆ నరాన్ని సన్నని కరెంటుతో ప్రేరేపించి వాపుని తగ్గిస్తుంది. 242 మంది మీద పరీక్షించారు, బయలాజిక్ మందులు (పైన చెప్పిన ఇంజెక్షన్ల లాంటివి) పని చేయనివాళ్లకోసం. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో లూపస్ అనే ఇంకో ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవాళ్లకి కార్-టీ కణాల చికిత్స (రోగి సొంత రక్షణ కణాల్నే మార్చి తిరిగి ఎక్కించడం) చేసి మంచి ఫలితం చూశారు, కీళ్లవాతంలో ఇంకా కొద్దిమంది మీదే ప్రయత్నాలు. నాకు వీటి మీద ఆశ ఉంది. కానీ ఒటిలిమాబ్ అనే మందు కూడా ఇలాగే ఆశపెట్టి, మూడో దశ పరీక్షల తర్వాత 2022లో ఆగిపోయింది, కాబట్టి ఏ వార్త చూసినా "ఏ దశలో ఉంది, ఎంతమంది మీద చూశారు" అని చదవండి. ఎవరైనా ట్రయల్‌లో చేరమంటే సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబర్ అడగండి, ఆ వెబ్‌సైట్‌లో వెతికితే వివరాలు ఉంటాయి. స్టెమ్ సెల్స్ ఎక్కించి కీళ్లవాతం పోగొడతామని లక్షలు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లకండి, మన దేశంలో దీనికి అది ఆమోదించిన చికిత్స కాదు.

ఇంజెక్షన్ మొదలయ్యాక

ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలి, ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకట్టిన సూది పారేయాల్సిందే. మేం పెరుగు గిన్నె పక్కన ఒక చిన్న డబ్బాలో పెడతాం, తలుపు అరలో పెడితే తీసినప్పుడల్లా వేడి తగులుతుంది. కరెంటు చాలాసేపు పోతే ఐస్ ప్యాక్‌ని గుడ్డలో చుట్టి పెట్టాలి, సూదికి నేరుగా తగలకూడదు. వేసే ముందు అరగంట బయట ఉంచితే మంట తగ్గుతుంది. తొడకి, లేదా బొడ్డుకి రెండంగుళాల దూరంలో పొట్టకి, ప్రతిసారీ చోటు మార్చి. మొదటి రెండు మూడుసార్లు నర్సు ముందే వేసుకోవడం నేర్చుకోండి.

జ్వరం, ఆగని దగ్గు, మూత్రంలో మంట, చీము పట్టిన పుండు, వీటిలో ఏది ఉన్నా ఆ వారం సూదైనా జాక్ మాత్రైనా వేసే ముందు డాక్టర్‌కి ఫోన్ చేయాలి. టోసిలిజుమాబ్ వాడేవాళ్లు జ్వరం లేకపోయినా ఒంట్లో బాగోలేదనిపిస్తే చేయాలి. ఆ నంబర్ మేం క్యాలెండర్ పైన, ఆదివారం టిక్కుల పక్కనే, పెద్ద అక్షరాలతో రాసి పెట్టాం. అమ్మ కళ్లజోడు లేకుండా చదవగలదు.