మణికట్టు నరం నొప్పి ఉన్నవాళ్లకి వీణ నేర్పుతున్నారా?

కార్పల్ టనెల్ (మణికట్టు దగ్గర నరం నలిగే జబ్బు) ఉన్న శిష్యులు వస్తే ముందు శ్రుతి తగ్గించండి. రెండున్నర శ్రుతి (D#) నుంచి ఒకటిన్నరకి (C#) దించితే తీగల బిగువు దాదాపు 20 శాతం తగ్గుతుంది. వినడానికి పెద్ద తేడా ఉండదు, వేలికి మాత్రం చాలా హాయి.

ఈ జబ్బులో నలిగే నరం బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగానికి వెళ్తుంది. వీణలో మెట్ల మీద తీగ నొక్కేదీ, కుడిచేత్తో మీటేదీ చూపుడు, మధ్య వేళ్లే! పైగా ఎడమ చెయ్యి దండి (మెట్లు ఉండే పొడవాటి భాగం) కింద నుంచి చుట్టి పైకి రావడంతో మణికట్టు బాగా వంగుతుంది. అలా వంగినకొద్దీ నరం మీద ఒత్తిడి ఎక్కువ. అందుకే కింద కూర్చోబెట్టాలన్న పట్టుదల వదిలేసి కుర్చీ, స్టాండు పెట్టి, మణికట్టు వీలైనంత తిన్నగా ఉండేలా ఎత్తు సరిచేయండి. సంప్రదాయం ఏమైపోతుందని నన్ను అడిగినవాళ్లున్నారు. చెయ్యి బాగుంటేనే కదా సంప్రదాయం!

ఐదు నిమిషాలు వాయించాక ఆపించి, అదే సరళీ వరుస (మొదట నేర్పే స్వరాల పాఠం) తాళం వేస్తూ పాడించండి. పాఠం ఆగదు, చేతికి విశ్రాంతి. తీగ లాగి పలికించే గమకాలు కొన్నాళ్లు గొంతుతోనే.

"రాత్రి తిమ్మిరితో మెలకువ వచ్చిందా?" అని ప్రతి క్లాసులో అడగండి. పెద్దవాళ్లయితే మొహమాటానికి చెప్పరు. వచ్చిందంటే ఆ రోజు వీణ వద్దు. తిమ్మిరి తగ్గకపోయినా, చేతిలో వస్తువులు జారిపోతున్నా వెంటనే డాక్టరుకి చూపించమనండి.