అన్నం తగ్గించా, షుగర్ దారికొచ్చింది

హెచ్‌బీఏ1సీ 8.4 అని రిపోర్టు వచ్చాక నాకు ఎక్కువ ఉపయోగపడింది గ్లూకోమీటరే. ఆ రక్తపరీక్ష సుమారు మూడు నెలల షుగర్ సగటు చెబుతుంది కానీ, ఏ పూట ఏం తింటే షుగర్ పెరిగిందో చెప్పదు. అందుకే తినేముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఇంకోసారి చూసుకుని, పక్కనే ఏం తిన్నానో రాసుకునేదాన్ని.

అసలు సంగతి ఆ నోటుబుక్కులోనే తేలింది. నాలుగు ఇడ్లీలు తింటే 230 దాటేది. రెండు గుడ్ల ఆమ్లెట్, గుప్పెడు పల్లీలు తింటే 140 లోపే. షుగర్‌కి మంచిదని అందరూ చెప్పే రాగిజావ కూడా నాకు ఇడ్లీ అంత పనీ చేసింది. మెత్తగా ఉడికిన పిండి త్వరగా అరిగి గ్లూకోజ్ అయిపోతుంది మరి. ఎవరేం చెప్పినా మీ మీటర్‌లో చూసుకున్నాకే నమ్మండి.

ఇప్పుడు మధ్యాహ్నం కంచం నిండా మెహిదీపట్నం రైతుబజార్‌లో తెచ్చిన బీరకాయో, దొండకాయో, గోంగూరో ఉంటుంది. చేప లేదా కోడికూర, చివర్లో పెరుగుతో గరిటెడు అన్నం. ఇరానీ చాయ్ మానేశా. తర్వాతి పరీక్షలో 6.6 వచ్చింది.

సూది వేలి చివర పక్కకి గుచ్చుకుంటే నొప్పి తక్కువ. పండు ముట్టుకున్న చేయి కడగకపోతే రీడింగ్ లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది.

గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌తో మాట్లాడకుండా అన్నం తగ్గించొద్దు. షుగర్ 70 కిందకి పడిపోతే ప్రమాదం. డపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లకి అన్నం బాగా తగ్గిస్తే కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) పెరిగే ముప్పు ఉంది, వాళ్లూ ముందే అడగాలి. నాకు డాక్టరుగారు మందు డోసు తగ్గించాకే ఇదంతా మొదలుపెట్టాను.