కొత్త చేప ట్యాంకులో ఇమడకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

కొత్త చేపను ట్యాంకులో వదిలాక ఏదైనా తేడా కనిపిస్తే, అది ఎంతసేపటికి మొదలైందో ముందుగా గుర్తు తెచ్చుకోవాలి. గంటల్లో మొదలైన ఇబ్బందికి నీటి మార్పు, ఒకటి రెండు రోజులకు మొదలైన దానికి నీటిలోని విషపదార్థాలు, వారం గడిచాక బయటపడిన దానికి రోగం కారణమయ్యే అవకాశం ఎక్కువ. చేప నీరసించగానే మందు వేయడం చాలామందికి అలవాటు. కానీ నీటిని పరీక్షించకుండా వేసిన మందు అప్పటికే అలసిన మొప్పలకు అదనపు భారమవుతుంది. అందువల్ల అమోనియా (చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపదార్థం), అది బ్యాక్టీరియా వల్ల మారే నైట్రైట్, ఆ తరువాతి నైట్రేట్, పీహెచ్ (నీటి ఆమ్లత్వాన్ని తెలిపే అంకె, అది తగ్గేకొద్దీ నీరు ఆమ్లంగా మారుతుంది) కొలిచే టెస్ట్ కిట్‌ను మందుల కంటే ముందే కొనుక్కోవాలి.

వదిలిన గంట రెండు గంటల్లోనే చేప పక్కకు ఒరిగిపోవడం, దిక్కుతోచనట్లు ఈదడం

వేడిలోనో పీహెచ్‌లోనో ఒక్కసారిగా వచ్చిన మార్పు దీనికి మామూలు కారణం. దూరప్రయాణం చేసి వచ్చిన చేపల విషయంలో మరో కారణం కూడా ఉంటుంది. మూసిన కవరులో చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ తగ్గుతూ వస్తుంది, దానితో పాటే చేప విసర్జించే అమోనియా కూడా పేరుకుంటుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు ఆ అమోనియాలో అత్యధిక భాగం అంతగా హాని చేయని అమోనియం రూపంలోనే ఉంటుంది. కవరు విప్పగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే విషపూరితమైన అమోనియా వాటా దాదాపు 10 రెట్లవుతుంది. కాబట్టి విప్పిన కవరులో గంటల తరబడి చుక్కచుక్కగా నీరు కలపడం, జాగ్రత్త అనిపించినా, ఇలాంటి చేపకు ప్రమాదమే.

దగ్గరి నుంచి తెచ్చిన చేపకైతే మూసిన కవరును 15 నుంచి 20 నిమిషాలు ట్యాంకు నీటిపై తేలనిచ్చి, తరువాత అరగంట పాటు ట్యాంకు నీటిని కొద్దికొద్దిగా కవరులో కలిపితే చాలు. రాత్రంతా ప్రయాణించి వచ్చిన చేపకు మాత్రం వేడి సరిచూసుకున్న తరువాతే కవరు విప్పి, ఆలస్యం చేయకుండా వలతో ట్యాంకులోకి మార్చాలి. ఏ సందర్భంలోనూ కవరు నీటిని ట్యాంకులో పోయకూడదు. చేప అప్పటికే ఒరిగిపోయి ఉంటే లైటు ఆపి, ఎయిర్ పంపు పెంచి, ఆ రోజుకు మేత వేయకుండా వదిలేయాలి.

పాత చేపలు బాగానే ఉండగా కొత్తవి మాత్రమే రెండు మూడు రోజుల్లో చనిపోవడం

ఇలా జరిగినప్పుడు తప్పు చేపలదేననుకుంటారు, కానీ చాలాసార్లు తప్పు ట్యాంకుదే. నీరు మార్చడం తగ్గిపోయిన పాత ట్యాంకులో నైట్రేట్ పెరుగుతూ, పీహెచ్‌ను నిలకడగా ఉంచే కార్బనేట్లు తరుగుతూ, నీరు క్రమంగా ఆమ్లంగా మారుతుంది. నెలల తరబడి కొంచెం కొంచెంగా వచ్చిన ఈ మార్పుకు పాత చేపలు అలవాటు పడతాయి. కొత్త చేప మాత్రం దానిని ఒక్క పూటలో తట్టుకోవలసి వస్తుంది. పాత చేపల ఆరోగ్యం నీటి మంచితనానికి సాక్ష్యం కాదు.

కుళాయి నీటిని, ట్యాంకు నీటిని పక్కపక్కన పరీక్షిస్తే తేడా బయటపడుతుంది. అలాగని నీరంతా ఒకేసారి మార్చకూడదు. పీహెచ్ 6 కంటే తగ్గిన ట్యాంకులో అమోనియం పేరుకుని ఉండవచ్చు, పీహెచ్ అకస్మాత్తుగా పెరిగితే కవరులో జరిగినదే ఇక్కడ పాత చేపలకూ జరుగుతుంది. రెండు మూడు రోజులకోసారి 10 శాతం చొప్పున మార్చుతూ, రెండు నీళ్లూ దగ్గరపడ్డాకే కొత్త చేపను తేవాలి.

పాత, కొత్త చేపలన్నీ పైకి వచ్చి నోరు తెరిచి గాలి పీల్చడం

ఆక్సిజన్ తగ్గినా, అమోనియా పెరిగినా, క్లోరిన్ ఉన్న నీరు పోసినా ఇదే లక్షణం కనిపిస్తుంది. మొప్పలు ఎర్రబారి మంటగా కనిపిస్తే అమోనియాను, గోధుమరంగుకు తిరిగితే నైట్రైట్‌ను అనుమానించాలి. నైట్రైట్ రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది. వెంటనే యాంటీ క్లోరిన్ (కుళాయి నీటిలోని క్లోరిన్‌ను పోగొట్టే ద్రావణం) కలిపిన, అదే వేడి గల నీటితో మూడో వంతు నీరు మార్చి, ఎయిర్ స్టోన్ (పంపు గాలిని చిన్న బుడగలుగా వదిలే రాయి) పెట్టాలి. నైట్రైట్ ఉంటే లీటరుకు 1 గ్రాము ఉప్పు కలపడం మేలు, ఎందుకంటే ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల గుండా లోపలికి పోకుండా అడ్డుకుంటుంది.

కొత్త ట్యాంకులో అమోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతకుముందే చేపలు వదిలినా, స్థిరపడ్డాక ఒకేసారి ఎక్కువ చేపలు తెచ్చినా, ఆ బ్యాక్టీరియా ఉండే ఫిల్టరు స్పాంజిని క్లోరిన్ ఉన్న కుళాయి నీటి కింద కడిగినా ఈ ఇబ్బంది వస్తుంది. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీటిలోనే పిండాలి.

ఉప్పు రేణువులంత తెల్లని చుక్కలు, రాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం

ఇది ఇక్ అనే పరాన్నజీవి వల్ల వచ్చే తెల్లచుక్క రోగం. చేప చర్మం కింద దాగి ఉన్న పరాన్నజీవిని మందు తాకలేదు. అది పెరిగి, రాలి, అడుగున వందల పిల్లలుగా విడిపోయి, కొత్త చేపను వెతుకుతూ ఈదే ఆ కొద్ది గంటల్లోనే మందు పనిచేస్తుంది. చుక్కలు కనబడకుండా పోగానే మందు ఆపేసినవారికి రోగం తిరగబెట్టడానికి కారణం ఇదే. ఉష్ణమండల చేపలైతే నీటి వేడిని రెండు రోజుల్లో నెమ్మదిగా 29 లేదా 30 డిగ్రీల సెల్సియస్‌కు పెంచితే ఈ చక్రం త్వరగా పూర్తవుతుంది. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కనుక గాలి ప్రవాహాన్నీ పెంచాలి. ఫిల్టరులో కార్బన్ ఉంటే అది మందును పీల్చేస్తుంది కాబట్టి తీసివేసి, ట్యాంకు మొత్తానికీ వైద్యం చేయాలి. కొత్త చేపను రెండు నుంచి నాలుగు వారాలు వేరే చిన్న ట్యాంకులో ఉంచితే ఈ శ్రమ చాలావరకు తప్పుతుంది.

మూలన దాక్కోవడం, పాత చేపలు తరమడం, మేత తినకపోవడం

మొదటి రెండు రోజులు తినకపోయినా కంగారు అక్కరలేదు. తరుముడు ఆగకపోతే రాళ్లు, మొక్కల స్థానాలు మార్చితే పాత చేపల హద్దులు చెరిగిపోతాయి. నియాన్ టెట్రా వంటి గుంపు చేపలను కనీసం ఆరింటిని కలిపి ఉంచాలి, ఒంటరి టెట్రా ఎవరూ తరమకపోయినా దాక్కునే ఉంటుంది. వారమైనా తినకుండా పొట్ట లోపలికి పోయి, మలం తెల్లని దారంలా వేలాడుతుంటే పేగుల్లో పరాన్నజీవులు ఉన్నాయేమోనని అనుమానించి, ఆ చేపను వేరుచేసి వైద్యం చేయాలి.